నూరు కిలోమీటర్ల తేడా

జనవరి, ఫిబ్రవరి నెలల్లో అమెరికా తూర్పు తీరాన రాత్రి పదిన్నర అయ్యేసరికి ఎక్కడెక్కడి వాతావరణ ప్రియులూ కంప్యూటర్ల ముందు చేరతారు. వాళ్లలో వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్తలు కొద్దిమందే. మిగిలినవాళ్లు బడిపంతుళ్లు, ట్రక్కు డ్రైవర్లు, రిటైరైన ఇంజినీర్లు, కాలేజీ పిల్లలు, రోడ్ల మీద మంచు తీసే కాంట్రాక్టర్లు. అమెరికా ప్రభుత్వ వాతావరణ మోడల్ జీఎఫ్‌ఎస్ తాజా లెక్క బయటికి రావడం మొదలయ్యే వేళ అది. ఒక్కో పటం వస్తున్నకొద్దీ అల్పపీడనం ఎక్కడుంది, పొద్దుటి లెక్క కంటే తీరానికి దగ్గరైందా, దూరమైందా, ఫిలడెల్ఫియాలో పడేది వానా మంచా అని చూసుకుంటారు. అర్ధరాత్రి దాటాక యూరప్ మోడల్ వస్తుంది. అదీ చూశాకే పక్క ఎక్కుతారు. తెల్లారితే ఆఫీసున్నా సరే.

మనకిది వింతేమీ కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఎందరో ఫోన్లలో ఇదే జీఎఫ్‌ఎస్‌ను, ఇదే యూరప్ మోడల్‌ను చూస్తూ కూర్చుంటారు. పైగా ఆ మంచు తుఫానులు వచ్చే దారిలోనే మనవాళ్లు లక్షల్లో ఉన్నారు. న్యూజెర్సీలో ఎడిసన్, వర్జీనియాలో యాష్‌బర్న్, బోస్టన్ శివార్లు అన్నీ ఆ దారిలోవే. అక్కడ మంచు తుఫాను అని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఇక్కడ అమ్మానాన్నలు ఫోన్ అందుకుంటారు. వాళ్లకు వినిపించేది ఒకటే అంకె, ఇన్ని అంగుళాలని. ఆ అంకె ఎలా పుట్టింది, ఎంతవరకు నమ్మవచ్చు, ఎందుకు తప్పుతుంది అన్నది తెలిస్తే కంగారూ తగ్గుతుంది, జాగ్రత్తా పెరుగుతుంది.

బంగాళాఖాతంలో తుఫానుకు ప్రాణం సముద్రపు వేడి. వెచ్చటి నీటి మీది ఆవిరి పైకి లేచి మేఘమయ్యేటప్పుడు విడుదలయ్యే వేడితో అల్పపీడనం వాయుగుండమై, తుఫానై బలపడుతుంది. అమెరికా తూర్పు తీరపు శీతాకాలం తుఫానుకు అదొక్కటే చాలదు. దానికి చలీ కావాలి, వేడీ కావాలి, ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. వాటి మధ్య తేడాయే దాని బలం. అందుకే మనకు అక్టోబరు, నవంబరు భయమైతే వాళ్లకు జనవరి, ఫిబ్రవరి.

ఆ తీరం స్వరూపమే అటువంటిది. కెనడా నుంచి దిగివచ్చే ధ్రువపు గాలి బరువైనది, నేలను అంటిపెట్టుకుని దక్షిణానికి జారుతుంది. పడమట అప్పలాచియన్ కొండలు తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి. గట్టుకు ఆనుకుని చెరువు నీళ్లు నిలిచినట్టు ఆ చలిగాలి కొండల తూర్పు వాలుకు ఆనుకుని నిలుస్తుంది. తూర్పున, తీరానికి కాస్త ఎడంగా గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం పోతుంటుంది. నార్త్ కరొలైనాకు ఎదురుగా ఆ నీరు నడి శీతాకాలంలో కూడా 20 డిగ్రీల సెల్సియస్‌కు పైనే. నేల మీద గడ్డకట్టే చలి, కొద్ది దూరంలో గోరువెచ్చటి సముద్రం. ఐదారు కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలుల్లో ఒక బలమైన ద్రోణి సరిగ్గా వీటి మీదికి వచ్చిందంటే తీరం పక్కనే అల్పపీడనం పుట్టి గంటల్లో బలపడుతుంది. 24 గంటల్లో పీడనం 24 మిల్లీబార్లకు తగ్గకుండా పడిపోతే దాన్ని బాంబు అంటారు. ఫ్రెడ్ శాండర్స్, జాన్ గ్యాకుమ్ అనే శాస్త్రవేత్తలు 1980లో ఈ పేరును శాస్త్రంలో స్థిరపరిచారు. ఈ తుఫాను ఈశాన్యంగా కదులుతుంటే తీరం మీదికి గాలి ఈశాన్యం నుంచే కొడుతుంది. ఈ తుఫానులకు నార్ఈస్టర్ అన్న పేరు అందుకే.

ఇవి పుట్టే తీరు ముఖ్యంగా రెండు రకాలని 1946లో జె.ఇ. మిల్లర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. మొదటిది గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు పుట్టి, ఒకే తుఫానుగా తీరం వెంట పైకి వచ్చేది. రెండోది ఒహైయో లోయ వైపు నుంచి వచ్చి కొండల దగ్గర నీరసించి, తన బలాన్ని తీరంలో కొత్తగా పుట్టే మరో అల్పపీడనానికి అప్పగించేది. మొదటి రకాన్ని ముందుగా పసిగట్టడం కాస్త తేలిక. రెండోదాన్ని కనిపెట్టుకుని కూర్చునేవాళ్లకు నిద్ర ఉండదు. కొత్త అల్పపీడనం ఎక్కడ, ఎన్ని గంటలకు పుడుతుందన్న దాన్నిబట్టి ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్‌ల గతి మారిపోతుంది. నాలుగు గంటలు ఆలస్యంగా పుడితే బోస్టన్‌కు రెండడుగుల మంచు, ఫిలడెల్ఫియాకు కాస్త చిరుమంచు దక్కవచ్చు.

తుఫాను కేంద్రం ఏ దారిన పోతుందన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. కేంద్రానికి తూర్పున, ఆగ్నేయాన సముద్రపు వెచ్చగాలి ఉంటుంది, అక్కడ వాన. వాయవ్యాన చలిగాలి మీద తేమ ఎక్కి కురుస్తుంది, అక్కడ మంచు. తుఫాను మరీ తీరానికి ఆనుకుని వస్తే నగరాల మీదికి వెచ్చగాలి చొరబడి మంచు వానగా మారిపోతుంది. మరీ ఎడంగా పోతే మంచంతా సముద్రం పాలు. వాతావరణ ప్రియుల నోట బెంచ్‌మార్క్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. అది 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు, నాన్‌టకెట్ దీవికి దక్షిణాన సముద్రం మధ్యలో. తుఫాను ఆ చుట్టుపక్కల నుంచి పోతే బోస్టన్ ఉన్న దక్షిణ న్యూ ఇంగ్లండ్ ప్రాంతానికి దండిగా మంచు పడుతుందని అనుభవం చెబుతుంది. అయితే ఇది గుర్తు మాత్రమే. న్యూయార్క్‌కు కావలసిన దారి ఒకటి, వాషింగ్టన్‌కు కావలసింది మరొకటి.

తుఫాను ఇంకా వారం రోజులుందనగా దాని ఆనవాలు మోడళ్లలో కనబడుతుంది. నిజానికి అప్పటికి తుఫాను పుట్టనే లేదు. దాన్ని పుట్టించబోయే ద్రోణి ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం మీద ఉంటుంది. ఉపగ్రహాలు చూస్తూనే ఉంటాయి గానీ సముద్రం మీద వాతావరణ బెలూన్లు చాలా తక్కువ. నేల మీదైతే రోజుకు రెండుసార్లు బెలూన్లు ఎగరేసి ఒక్కో ఎత్తులో ఉష్ణోగ్రత, తేమ, గాలి కొలుస్తారు. అందుకే ఆ ద్రోణి అమెరికా పడమటి తీరం దాటి నేల మీదికి వచ్చేదాకా ఆగండి, అప్పుడు మాట్లాడుకుందాం అని అనుభవం ఉన్నవాళ్లు కుర్రవాళ్లను ఆపుతుంటారు. కొన్నిసార్లు, మనం హరికేన్ల వార్తల్లో చూసే పరిశోధక విమానాలనే శీతాకాలంలో పసిఫిక్ మీదికి పంపి, కొలిచే పరికరాలను చిన్న పారాచూట్లతో జారవిడుస్తారు.

ఇంత పట్టుదల ఎందుకన్న ప్రశ్నకు జవాబు 1961లో బోస్టన్ పక్కనే, ఎంఐటీలో దొరికింది. అక్కడి వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న వాతావరణ లెక్కను కంప్యూటర్‌లో మళ్లీ నడిపించాలనుకున్నాడు. మధ్యలో నుంచి మొదలుపెట్టడానికి 0.506127 అన్న అంకెకు బదులు కాగితం మీద అచ్చయిన 0.506 ఇచ్చాడు. వెయ్యింట ఒక వంతు కూడా లేని తేడా. కాసేపు రెండు లెక్కలూ కలిసే నడిచాయి. ఆ తర్వాత ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. మొదట్లో కొలతలో ఉండే చిన్న లోటు రోజులు గడిచేకొద్దీ పెరిగి పెద్దదవుతుందని, ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా దాన్ని పూర్తిగా తప్పించలేమని అక్కడే తేలింది.

దానికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. లోటు తప్పదు కాబట్టి ఆ లోటునే లెక్కలోకి తీసుకున్నారు. మొదటి కొలతలను కావాలనే కొద్దికొద్దిగా మార్చి, ఒకే తుఫానును పదుల సార్లు లెక్కిస్తారు. యూరప్ మోడల్‌లో ఇలా 51 లెక్కలు, అమెరికా మోడల్‌లో 31 లెక్కలు సాగుతాయి. దీన్నే ఎన్‌సెంబుల్ అంటారు. పటం మీద ఒక్కో లెక్క చూపిన తుఫాను కేంద్రాన్ని ఒక్కో చుక్కగా పెడితే, ఐదు రోజుల ముందు ఆ చుక్కలు కరొలైనా తీరం నుంచి బెర్ముడా దాకా చెదిరి ఉండవచ్చు. రోజులు దగ్గరపడేకొద్దీ అవి ఒకచోటికి చేరాలి. చేరుతుంటే నమ్మకం పెరుగుతున్నట్టు. రెండు రోజుల ముందు కూడా చెదిరే ఉన్నాయంటే ఏ ఒక్క పటాన్నీ పట్టుకుని మాట్లాడకూడదు. కొత్తగా చేరినవాళ్లు తమకు నచ్చిన పటాన్ని, అంటే ఎక్కువ మంచు చూపినదాన్ని పట్టుకుంటారు. పాతవాళ్లు ముందు చుక్కల వ్యాప్తి చూస్తారు.

చివరి రెండు రోజుల్లో చూపు మారుతుంది. పైనున్న గాలి పొరలను ఒక్కొక్కటిగా తడిమి చూడటం మొదలవుతుంది. నేల నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులో ఉష్ణోగ్రత సున్నాకు పైనా, కిందా? అక్కడ ఒక పలుచటి వెచ్చటి పొర చొరబడితే చాలు, పైనుంచి మంచుగా బయల్దేరింది కరిగి, కింద చలిలో మళ్లీ గడ్డకట్టి గులకల్లా పడుతుంది. కింది చలిపొర మరీ పలుచనైతే నీరుగానే పడి, తాకిన చోటల్లా గడ్డకడుతుంది. మంచు కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి, కరెంటు తీగలు తెగుతాయి. వాషింగ్టన్ నుంచి బోస్టన్ దాకా నగరాలను కలుపుతూ పోయే ఐ-95 హైవేకు అటూ ఇటూ వాన, మంచు విడిపోవడం ప్రతి శీతాకాలం చూసేదే. ఎడిసన్ ఊరు ఆ దారి పక్కనే ఉంది. అక్కడ ముసురు వాన పడుతుంటే వాయవ్యాన గంట ప్రయాణంలో ఉన్న కొండ ఊళ్లలో మోకాలి లోతు మంచు ఉంటుంది.

పడబోయే నీరు ఎంతో తెలిసినా మంచు ఎంతో తెలిసినట్టు కాదు. మామూలు లెక్కకు ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అంటారు. మేఘంలో ఉష్ణోగ్రత మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల మధ్య ఉన్న పొరలో తేమ బాగా ఉంటే కొమ్మలు కొమ్మలుగా విచ్చుకునే పెద్ద స్ఫటికాలు తయారవుతాయి. అవి ఒకదాని మీద ఒకటి గుల్లగా పేరుకుంటాయి. అప్పుడు అదే అంగుళం నీరు పదిహేను, ఇరవై అంగుళాల మంచు కావచ్చు. నేల దగ్గర వెచ్చగా ఉంటే ఐదారు అంగుళాల బరువైన ముద్ద మంచే మిగులుతుంది. టీవీలో కనిపించే రంగుల పటాలు ఇదంతా మోడల్ తనకు తోచినట్టు లెక్కగట్టి వేసినవే.

ఇక 2015, 2016ల కథ. ఏడాది తేడాతో వచ్చిన ఈ రెండు తుఫానులను పక్కపక్కన పెట్టి చూడకుండా ఈ విషయం అర్థం కాదు.

2015 జనవరి చివరి వారంలో వచ్చింది ఆ రెండో రకం తుఫాను, తీరంలో కొత్తగా పుట్టి బలపడేది. అంతకు ముందు ఏళ్లలో మంచి పేరు తెచ్చుకున్న యూరప్ మోడల్ న్యూయార్క్ నగరం మీద భారీ మంచు చూపింది. అప్పుడే కొత్త హంగులతో మెరుగుపరచిన అమెరికా మోడల్ మంచంతా తూర్పుకు జరుగుతుందని, నగరానికి అంత రాదని చూపింది. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ యూరప్ వైపే మొగ్గింది. నగరానికి రెండు నుంచి మూడడుగుల మంచు అన్న అంచనా బయటికి వచ్చింది. నగర చరిత్రలోనే అతి పెద్దది కావచ్చని మేయర్ హెచ్చరించారు. జనవరి 26 రాత్రి గవర్నర్ ఆదేశంతో సబ్‌వే ఆగిపోయింది. నూటపదేళ్ల చరిత్రలో మంచు కోసం సబ్‌వేను పూర్తిగా మూయడం అదే మొదటిసారి. తెల్లారి చూస్తే సెంట్రల్ పార్కులో మొత్తం మంచు 9.8 అంగుళాలు.

ఊరంతా వెటకారం చేసింది. కానీ అక్కడికి తూర్పున 75 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్ మీది ఐస్లిప్‌లో 24.9 అంగుళాలు పడింది. బోస్టన్‌లో 24.6. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5, ఆ ఊరికి అప్పటికి అదే రికార్డు. అంటే తుఫాను వచ్చింది, చెప్పినంత బలంగానే వచ్చింది. మంచు మొదలయ్యే అంచు మాత్రం నూరు కిలోమీటర్లు అటూ ఇటూగా తూర్పుకు జరిగింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకునే తుఫానులో అది చిన్న పొరపాటు. ఆ చిన్న పొరపాటు ఎనభై లక్షల జనాభా ఉన్న నగరం మీద పడింది. న్యూజెర్సీ వైపు అంచనాలు చూసే వాతావరణ కార్యాలయం అధిపతి ఆ రాత్రే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నా దృష్టిలో క్షమాపణ చెప్పవలసింది దారి తప్పినందుకు కాదు. ఎంతవరకు తప్పవచ్చో ముందుగా గట్టిగా చెప్పనందుకు. వాతావరణ సంస్థ అప్పటి డైరెక్టర్ లూయీ ఉచెలీనీ కూడా ఆ తర్వాత దాదాపు ఇదే మాట అన్నారు, అనిశ్చితిని ప్రజలకు ఇంకా బాగా చెప్పాలని. ఇప్పుడు ఆ సంస్థ అంచనాతో పాటు మరో రెండు పటాలు ఇస్తుంది. పదిలో తొమ్మిది వంతులు ఇంతకు తగ్గదు అనేది ఒకటి, పదిలో తొమ్మిది వంతులు ఇంతకు మించదు అనేది మరొకటి.

సరిగ్గా ఏడాదికి, 2016 జనవరి 22 నుంచి 24 దాకా, దీనికి వ్యతిరేకంగా జరిగింది. దక్షిణాది రాష్ట్రాల మీదుగా వచ్చిన ఆ తుఫాను గురించి వారం ముందే మోడళ్లు దాదాపు ఏకగ్రీవంగా చెప్పాయి. వాషింగ్టన్, బాల్టిమోర్ ప్రాంతాలకు రెండడుగులన్న హెచ్చరిక ముందే వెళ్లింది. బాల్టిమోర్ విమానాశ్రయంలో 29.2 అంగుళాలు, వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌గ్యారీలో 42 అంగుళాలు పడింది. న్యూయార్క్ విషయంలో మాత్రం ముందటి ఏడాది అనుభవంతో అందరూ ఆచితూచి మాట్లాడారు. మంచు అంచు నగరానికి దక్షిణాన ఆగిపోతుందేమో అన్న సందేహం చివరిదాకా ఉంది. తుఫాను మొదలయ్యాక అంచనాలు గంట గంటకూ పెంచుకుంటూ పోవలసి వచ్చింది. చివరికి సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు కురిసింది. 1869 నుంచి ఉన్న రికార్డుల్లో అంత మంచు ఎన్నడూ లేదు. మొదటిసారి అంచు దూరం జరిగింది, రెండోసారి దగ్గరికి జరిగింది. రెండుసార్లూ తేడా ఆ నూరు కిలోమీటర్లే.

ఇంతకంటే పెద్ద తప్పూ ఉంది, ఇంతకంటే పెద్ద విజయమూ ఉంది. 2000 జనవరి 24, 25 తేదీల్లో మోడళ్లు సముద్రంలోకి పోతుందన్న తుఫాను తీరం మీదికి తిరిగి నార్త్ కరొలైనాలోని రాలీలో 20.3 అంగుళాల మంచు కురిపించింది. 1993 మార్చి నాటి మహా తుఫానును మాత్రం ఐదు రోజుల ముందే చెప్పగలిగారు. మంచు అంతగా ఎరగని అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఆనాడు 13 అంగుళాలు పడింది.

మంచు మొదలయ్యాక మోడళ్లను పక్కన పెట్టి రాడార్ చూడాలి. పెద్ద మంచు సమానంగా కురవదు, పట్టీలుగా కురుస్తుంది. పట్టీ కింద ఉన్న ఊళ్లో గంటకు రెండు మూడు అంగుళాలు పడుతుంటే, ఇరవై కిలోమీటర్ల అవతల, రెండు పట్టీల మధ్య గాలి కిందికి దిగే చోట, పలుచగా రాలుతుంటుంది. ఆ పట్టీల్లో గాలి ఎంత బలంగా పైకి లేస్తుందంటే మంచులోనే మెరుపులు మెరుస్తాయి. 2015 ఫిబ్రవరిలో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో నిలబడి వార్త చెబుతున్న వెదర్ ఛానల్ విలేకరి జిమ్ కాంటోరీ మంచులో వరసగా మెరుపులు మెరవడం చూసి చిన్న పిల్లవాడిలా గెంతులు వేశాడు. ముప్పై ఏళ్ల అనుభవం దగ్గరపడుతున్న మనిషి ఆయన. ఆకాశాన్ని ఇష్టపడి చూసేవాళ్లందరికీ ఆ గెంతు అర్థమైంది.

అదే వేళ ఆ మంచులో మనుషులు చనిపోతారు కూడా. గాలి గంటకు 56 కిలోమీటర్లకు తగ్గకుండా, చూపు నాలుగు వందల మీటర్లకు మించి ఆనకుండా మూడు గంటలు కొనసాగితే దాన్ని బ్లిజర్డ్ అంటారు. అందులో కారు బయటికి తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తడి మంచును పారతో ఎత్తిపోస్తూ గుండెపోటుతో పడిపోయేవాళ్లు ప్రతి పెద్ద తుఫానులోనూ ఉంటారు. మంచులో కూరుకున్న కారులో హీటర్ కోసం ఇంజిన్ వేసుకుని కూర్చుంటే, పొగ గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అక్కడి మన పిల్లలకు ఈ ఒక్క సంగతి తప్పక చెప్పండి. ఇంజిన్ వేసేముందు కారు వెనక గొట్టం చుట్టూ మంచు తీయాలి.

హెచ్చరిక ఉండటం వేరు, అది మనిషికి చేరడం వేరు. ఈ తేడా మన హుద్‌హుద్ చూపించింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేసిన ఆ తుఫాను తీరం దాటాక బలహీనపడింది, మనం ఊపిరి పీల్చుకున్నాం. దాని తేమ మాత్రం ఉత్తరానికి సాగిపోయి, హిమాలయాల దగ్గర పడమటి గాలుల ద్రోణితో కలిసింది. అక్టోబరు 14న, విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతం మీద భారీ మంచుగా కురిసింది. పర్వతారోహణ యాత్రలకు అది మంచి సీజను. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దగ్గర యాత్రికులు, దారి చూపేవాళ్లు, బరువులు మోసేవాళ్లు మంచులో చిక్కుకున్నారు. కనీసం 43 మంది చనిపోయారు. హుద్‌హుద్ అవశేషం అటు వెళ్తోందని వాతావరణ పటాల్లో కనబడుతూనే ఉంది. కొండ మీద నడుస్తున్న మనిషికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. ఆంధ్ర తీరంలో లక్షలాదిమందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగింది హెచ్చరిక ఇంటింటికీ చేరడం వల్లే.

రాత్రంతా పటాలు చూసే ఔత్సాహికుల అసలు ప్రయోజనం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. వాళ్లు తమ వీధి గురించి, తమ ఊరి గురించి మాట్లాడగలరు. ఏ మూల వాన మంచుగా మారిందో, ఏ వంతెన మీద గడ్డకట్టిందో వాతావరణ కార్యాలయానికి క్షణాల్లో చేరవేయగలరు. ఏడు రోజుల ముందటి భయంకరమైన పటాన్ని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు చేసే హాని కూడా అంతే పెద్దది. ముప్పై అంగుళాలని చూపిన ఒక్క లెక్కను పట్టుకుని నాలుగుసార్లు జనాన్ని భయపెడితే ఐదోసారి నిజంగా వచ్చినప్పుడు ఎవరూ వినరు. ఆంధ్ర తీరంలో తుఫాను పటాలు పంచేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

చివరగా కొలత. ఇంత లెక్కా తేలేది నేల మీద ఒక మనిషి స్కేలు పట్టుకుని నిలబడ్డప్పుడే. తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ పలకను గాలి తాకిడి లేని చోట నేల మీద పెడతారు. దాని మీద పడ్డ మంచును అంగుళంలో పదోవంతు దాకా కొలిచి, తుడిచేసి, పలకను మళ్లీ మంచు పైన పెడతారు. ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువ సార్లు తుడవకూడదు. గంట గంటకూ కొలిచి కలిపితే మంచు తన బరువుకు తాను అణగడానికి వ్యవధి ఉండదు, మొత్తం ఎక్కువగా వస్తుంది. 2016లో నెవార్క్ విమానాశ్రయం చెప్పిన 28.1 అంగుళాలు ఈ కారణంగానే చెల్లలేదు. వాషింగ్టన్ విమానాశ్రయంలో పలకే మంచులో కనిపించకుండా పోయింది. సెంట్రల్ పార్కులో మొదట 26.8 అని ప్రకటించారు. 2006 నాటి రికార్డుకు అది అంగుళంలో పదోవంతు తక్కువ. కొలిచినవాళ్లకూ నమోదు చేసినవాళ్లకూ మధ్య మాట సరిగా అందలేదని విచారణలో తేలాక 27.5గా సరిదిద్దారు, రికార్డు మారింది. 1772 జనవరిలో వర్జీనియాను ముంచిన సుమారు మూడడుగుల మంచు గురించి ఈనాటికీ మనకు తెలుస్తోందంటే జార్జ్ వాషింగ్టన్, థామస్ జెఫర్సన్ ఎవరి ఇంటి దగ్గర వాళ్లు రాసిపెట్టుకున్నందుకే.

ఇప్పుడు ఆ పనిని కోకోరాస్ అనే స్వచ్ఛంద బృందం చేస్తోంది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను 1997లో వరద ముంచెత్తాక, అక్కడి విశ్వవిద్యాలయం వాతావరణ కేంద్రం 1998లో దీన్ని మొదలుపెట్టింది. అమెరికా అన్ని రాష్ట్రాల్లోనూ వేలమంది రోజూ పొద్దున తమ పెరట్లో పడ్డ వాన, మంచు కొలిచి పంపుతారు. వాతావరణ కార్యాలయాలు ఆ అంకెలను వాడుకుంటాయి. చేరడానికి డిగ్రీలు అక్కర్లేదు. నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న వానమానిని, ఒక స్కేలు, ఒక తెల్ల పలక ఉంటే సరిపోతుంది. ఎడిసన్‌లో, యాష్‌బర్న్‌లో, బోస్టన్ శివార్లలో పెరడున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ నవంబరులోనే పేరు నమోదు చేసుకుని, మొదటి మంచు పడకముందే పలక పెరట్లో పెట్టండి.